స్కారిఫ్‌హాలిస్ కొండ కింద

మా తమ్ముడు ఉద్యోగం చేసే లెటర్‌కెన్నీ ఐర్లండ్‌కి వాయవ్య మూలన, డనెగాల్ కౌంటీలో ఉంది. రైలు లేదు. డబ్లిన్ నుంచి బస్సులో సుమారు నాలుగు గంటలు. ప్రయాణం ఖాయమైనప్పటి నుంచీ నా ధ్యాసంతా ఆ ఊరి పక్కనే 1650లో యుద్ధం జరిగిన స్కారిఫ్‌హాలిస్ మీదే. "అక్కా, అక్కడ చూడ్డానికేముంది, పొలాలేగా" అంటూనే ఆదివారం పొద్దున్నే కారు తీశాడు.

ఊరు దాటి పడమరగా కాస్త దూరం వెళ్తే స్విల్లీ నది. పీట్ నేలల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన నల్లటి చిత్తడి నేలల) మీదుగా వస్తుంది కాబట్టి నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. అయినా అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి, లోతు అంతే. అప్పట్లో ఏరు దాటే రేవు ఇక్కడే ఉండేది. దక్షిణాన కొండవాలు, జమ్ము పెరిగిన పచ్చిక, గొర్రెలు. పొలం గట్టున నాలుగడుగులు వేశానో లేదో బూట్లు చీలమండ దాకా దిగబడ్డాయి. ఈ నేలలో పొడవాటి ఈటెలు పట్టుకుని పరుగెత్తినవాళ్లు ఎలా పరుగెత్తారో!

1650 జూన్ 21న ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్స్టర్‌కి చెందిన ఐరిష్ కాథలిక్కుల సైన్యం ఈ కొండ మీద ఉంది. నడిపిస్తున్నది క్లోహర్ బిషప్ హీబర్ మక్‌మాన్. యుద్ధవిద్య తెలిసినవాడు కాదు. అసలు నాయకుడు ఓవెన్ రో ఓనీల్ అంతకుముందు నవంబరులోనే చనిపోయాడు. వారసుడి కోసం వర్గాలు పోట్లాడుకుని, చివరికి రాజీగా బిషప్‌ని ఎన్నుకున్నాయి. ఎదురుగా, రాజు మీద తిరగబడిన ఇంగ్లిష్ పార్లమెంటు తరఫున సేనాని చార్లెస్ కూట్. అతని బలం గుర్రపు దళం. పైన కదలకుండా కూర్చుంటే ఆ గుర్రాలు వాలు ఎక్కి ఏమీ చేయలేవు. అనుభవమున్న అధికారులు వద్దన్నా వినకుండా బిషప్ సైన్యాన్ని కిందికి దించాడు. గంటసేపు గట్టిగా పోరాడారు, తర్వాత వరుసలు చెదిరాయి. వెంటాడి చంపారు. వేలల్లో చనిపోయారు. అల్స్టర్ సైన్యం మళ్లీ కోలుకోలేదు.

నన్ను ఇంతదూరం రప్పించింది ఆ ఓటమి కాదు, ఓనీల్ కొడుకు హెన్రీ కథ. 1649 వేసవిలో ఇదే కూట్ ఇక్కడికి దగ్గర్లోని కోటగోడల ఊరు డెర్రీలో చిక్కుకుపోయాడు. పార్లమెంటుతో పోరాడుతున్న రాజపక్షం వాళ్లు నెలల తరబడి ముట్టడించారు. అప్పుడు వచ్చి విడిపించింది ఎవరో కాదు, ఓవెన్ రో ఓనీలే! మందుగుండు లేక, రాజపక్షంతో చేతులు కలిపిన సొంత పక్షంతో చెడి, శత్రువుతోనే తాత్కాలికంగా ఒప్పందం చేసుకున్నాడు. ఆ వెంటనే జబ్బుపడ్డాడు. కూట్ విందులో విషం పెట్టారని జనం చెప్పుకున్నారు, నేనైతే నమ్మను. కానీ తర్వాత జరిగింది వదంతి కాదు. స్కారిఫ్‌హాలిస్ యుద్ధంలో హెన్రీ కూట్ సైన్యానికి చిక్కాడు. ప్రాణాలు తీయబోమని మాటిచ్చి లొంగదీసుకున్నారు. ఏడాది తిరక్కముందే, తనను కాపాడినవాడి కొడుకుని కూట్ చంపించాడు.

ఇది చెప్తుంటే తమ్ముడు ఫోను జేబులో పెట్టేశాడు. "తండ్రి చేసిన సాయం గుర్తులేదా వాడికి?" అన్నాడు. గుర్తులేకపోవడమేమిటి, పన్నెండు నెలలు కూడా కాలేదు.

మర్నాడు డెర్రీ వెళ్లాం. అది ఉత్తర ఐర్లండ్, అంటే యూకే. రెండు చోట్లా చెల్లే వీసా ఉంది కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. కోటగోడ పూర్తిగా నిలిచే ఉంది, పైన ఒకటిన్నర కిలోమీటరు చుట్టూ నడవొచ్చు. ఎవర్ని కదిపినా 1689 ముట్టడి కబుర్లే. అది పెద్ద ముట్టడే, కాదనను. నేను మాత్రం నలభై ఏళ్ల ముందరి ముట్టడి గురించే ఆలోచిస్తూ నడిచాను. స్కారిఫ్‌హాలిస్ నుంచి తప్పించుకున్న బిషప్ మక్‌మాన్‌ని కూడా పట్టుకుని 1650 సెప్టెంబరులో ఎనిస్కిల్లెన్ అనే ఊళ్లో ఉరితీశారు. తల తెచ్చి ఈ డెర్రీలోనే గుచ్చిపెట్టారు. కూట్‌కి మాత్రం ఏమీ కాలేదు. 1660లో ఇంగ్లండ్‌లో రాజరికం తిరిగొచ్చేసరికి పక్షం మార్చి, మౌంట్‌రాత్ ఎర్ల్ అనే ప్రభువు బిరుదు కూడా పొందాడు. మరుసటి ఏడు మశూచితో పోయాడు.