గ్రాండ్ వాగనీర్ పక్కన ఓ అరగంట

ఆదివారం ఒహాయోలో పాత కార్ల ప్రదర్శనకి వెళ్లాం. మెరిసే బళ్లు ఎన్ని ఉన్నా నా కాళ్లు 1989 జీప్ గ్రాండ్ వాగనీర్ దగ్గరే ఆగిపోయాయి. తలుపుల మీద ఉన్నది చెక్కే అనుకుని వేలితో రాసి చూశా. చెక్క గీతలు అచ్చేసిన వినైల్ ప్లాస్టిక్ అది! ఒకచోట అంచు ఎండకి కాస్త లేచింది. ఓనర్ పెద్దాయన బానెట్ ఎత్తి చూపించారు: 5.9 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలపు కార్బ్యురేటర్‌తోనే ఇంకా. 1991లో ఉత్పత్తి ఆగేదాకా అదే నడిచింది.

ఈ బండి పుట్టిల్లు కూడా ఈ రాష్ట్రమే. టొలీడోలో తయారై 1963 మోడల్‌గా వాగనీర్ పేరుతో వచ్చింది. డిజైన్ బ్రూక్స్ స్టీవెన్స్‌ది. జీప్ వ్యాపారం కైజర్ కంపెనీ నుంచి 1970లో ఏఎంసీకి (అమెరికన్ మోటార్స్), 1987లో క్రైస్లర్‌కి చేతులు మారింది. బండి ఆకారం మాత్రం పెద్దగా మారలేదు, దాదాపు 30 ఏళ్లు! మొదటిసారే అంత చక్కగా గీశారాయన, నాకైతే అదే అనిపిస్తుంది.

పెద్దాయన తాళం తిప్పగానే నేల సన్నగా అదిరింది. మావాడు నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, తాతగారిని ఇంకోసారి స్టార్ట్ చేయమనవా?" అన్నాడు.