నాయన డిశ్చార్జ్ కాగితాలు, బ్రౌన్ దొర నిఘంటువు

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియమే, కడప జిల్లాలో మా ఊరి హైస్కూలు. సైన్సులో ఎప్పుడూ మంచి మార్కులే, కిరణజన్య సంయోగక్రియ గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఇంటర్ బైపీసీలో చేరిన మొదటి వారంలో మేడమ్ బోర్డు మీద ఫోటోసింథసిస్ అని రాసి గంటసేపు చెప్పారు, నేనేమో ఏదో కొత్త పాఠం అనుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నా. బయటికొచ్చాక పక్కనబ్బాయి చెప్పాడు, అది మన కిరణజన్య సంయోగక్రియేరా అని. ఆ రాత్రి హాస్టల్లో అన్నం సయించలేదు. తెలిసిందాన్నే తెలియనట్టు కూర్చోవడం ఎంత బాధో తెలుగు మీడియం నుంచి వచ్చినోళ్ళకి చెప్పక్కర్లేదు.

మర్నాడే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని పేజీ మధ్యలో గీత కొట్టా, ఎడమపక్క తెలుగు, కుడిపక్క ఇంగ్లీషు. పత్రహరితం, క్లోరోఫిల్. ద్రవాభిసరణ, ఆస్మాసిస్. బాష్పోత్సేకం, ట్రాన్స్‌పిరేషన్. రెండేళ్ళలో అలాంటివి మూడు పుస్తకాలు నిండాయి.

డిగ్రీకి కడప వచ్చాక బ్రౌన్ లైబ్రరీ అలవాటైంది, ఒకప్పుడు సీపీ బ్రౌన్ బంగళా ఉన్న చోటే కట్టారు దాన్ని. 1820లో ఈస్టిండియా కుంపిణీ ఉద్యోగంలో కడపకొచ్చిన ఇంగ్లీషు దొర, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాళపత్రాలు రాయించి, 1829లో వేమన పద్యాలు అచ్చేయించి, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. నేను ఇంగ్లీషు కోసం ఆ నిఘంటువు తెరిస్తే మా జేజి నోట్లో ఆడే మాటలు కనబడ్డాయి, జొన్న అన్న మాట పక్కన ఇంగ్లీషులో వివరం చూసి కాసేపు అట్లే ఉండిపోయా. మా ఇంటి మాటల్ని ఎక్కడో పుట్టిన మనిషి ఇంత శ్రద్ధగా నేర్చుకున్నాడే, మరి నేను ఆయన భాషకి ఎందుకు భయపడాలి అనిపించింది. నాలో బెరుకు పోయింది ఆ మధ్యాహ్నమే.

ఇక అసలు సంగతి. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో నాయనకి షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని ప్రైవేటు ఆస్పత్రిలో ఆరు రోజులు పెట్టారు. పంపించేటప్పుడు మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పి ఒక ఫైలు చేతిలో పెట్టారు, అంతే. ఇంటికొచ్చాక పురుగులన్నీ లైటు చుట్టూ తిరుగుతుంటే వరండాలో కూర్చుని ఆ ఫైలు మొదటి నుంచి చదివా. మూడో పేజీ కింద చిన్న అక్షరాల్లో అవాయిడ్ ఎన్‌సెయిడ్స్ అని ఒక లైను. అవాయిడ్ తెలుసు, రెండోది తెలీదు. ఫోన్లో వెతికి చదివితే అవి డైక్లోఫెనాక్ లాంటి ఒక రకం నొప్పి మాత్రలు, కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళకి ఇంకా చెరుపు చేస్తాయి. మా నాయన మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకోవడం ఏళ్ళ తరబడి అలవాటు, ఆ పొద్దు కూడా ఒకటి వేసుకున్నాడు, ఆ సంగతి ఆస్పత్రిలో ఎవరూ అడగలేదు మేమూ చెప్పలేదు. లోపలికి పోయి గూట్లో ఉన్న అట్టలన్నీ తీసి పారేసి, పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి నొప్పికి వేరే మందు రాయించా.

ఇంగ్లీషు వస్తే గొప్ప అని నేననుకోను, అమెరికా పోవాలనీ కాదు. మన ఒంటి గురించి, మన భూమి గురించి, మన కేసు గురించి రాసిన కాగితం మనమే చదువుకోగలగాలి, దాని కోసం ఇంకొకరి ముఖం చూడకూడదు. అన్నీ తెలుగులో ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి, ఇచ్చేదాకా మాత్రం ఆగలేం కదా.

ఇప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నా, రోజంతా డాక్టర్లు రాసిన ఇంగ్లీషు చదివి ఏ జబ్బుకి ఆ కోడ్ వెయ్యడమే పని. ట్రైనింగులో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకి ఎన్18 అని చెప్పినప్పుడు నాకు నాయన ఫైలే కళ్ళముందు ఆడింది.

మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది, చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియమే. మొన్న సంక్రాంతికి పోతే అటక మీద నా పాత నోట్‌బుక్ దొరికిందని పట్టుకొచ్చింది. కుడిపక్కంతా చేత్తో మూసి ఎడమపక్క మీద వేలు పెట్టి, "మామా, బాష్పోత్సేకం అంటే ఏంది?" అంది. చెయ్యి తీసి చూడమన్నా.