పెద్దమ్మగారితో యోహాను సువార్త 11వ అధ్యాయం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మా సంఘంలో వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లించి ఉంచిన వాటిలోనుంచి ఒక్కొక్కరూ ఒకటి తీసుకుని, ఆ యేడాదికి దేవుడిచ్చిన మాటగా బైబిలులో దాచుకుంటారు. కొన్నేళ్ల క్రితం నాకు యిర్మీయా 29:11 వచ్చింది. రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవేగాని హానికరమైనవి కావు అని దేవుడు పలికే వచనం అది.

ఆ జనవరిలోనే పక్కింటి పెద్దమ్మగారి తమ్ముడు గుండెపోటుతో పోయారు. ఆమె క్రైస్తవురాలు కారు. పలకరించడానికి వెళ్లినప్పుడు, నా దగ్గరున్న మంచి మాట ఆమెకూ అందాలన్న తపనతో ఆ కార్డు తీసి చేతిలో పెట్టాను. ఆమె కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, దాన్ని మందుల పెట్టె మీద ఉంచి, "మా తమ్ముడికి రాబోయే కాలం ఎక్కడుందమ్మా?" అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చి ఆ అధ్యాయం మొదటినుంచీ చదివాను. అది బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యిర్మీయా ప్రవక్త యెరూషలేమునుంచి పంపిన ఉత్తరం. ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటుకోండి అని చెప్పి, విడుదలకు 70 సంవత్సరాలు పడుతుందని పదో వచనంలో చెబుతుంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది స్వదేశాన్ని మళ్లీ చూడకుండానే కన్నుమూయాలి. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా చక్కబడుతుందని జనాన్ని ఊరడిస్తాడు, అతని మాట అబద్ధమని యిర్మీయా తేల్చి చెబుతాడు. యిర్మీయా వచనమే ఇచ్చినా, నేను ఇచ్చిన తీరు మాత్రం హనన్యాదే. వాగ్దాన కార్డులు పంచడం తప్పని నేను అనను. అయితే ఒక మాటను దాని దుఃఖంలోనుంచి కత్తిరించి తీసి, వేరొకరి దుఃఖం మీద అతికించడం విశ్వాసానికి సాక్ష్యం కాదని ఆ రోజు నాకు అర్థమయింది.

నెల దాటాక పెద్దమ్మగారే అడిగారు: "మీ పుస్తకంలో చావు గురించి ఏమి రాశారో ఒకసారి చదువమ్మా." ఈసారి ఏ వచనాన్నీ ఏరుకోలేదు. చనిపోయిన లాజరును యేసు తిరిగి లేపిన కథ ఉన్న యోహాను సువార్త 11వ అధ్యాయం తీసి, లాజరు జబ్బు పడిన మొదటి వచనం దగ్గరనుంచి నెమ్మదిగా చదువుతూ వెళ్లాను. మన సంఘాల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్న అనువాదం గ్రాంథికానిది కనుక, కొత్తగా వినేవారికి కొన్ని మాటలు విడమరచి చెప్పవలసి వస్తుంది. "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అని మార్త అన్న చోట, 'ఉండినయెడల' అంటే 'ఉండి ఉంటే' అని చెప్పబోతుండగా ఆమె చెయ్యెత్తి ఆపారు. "అర్థమయిందమ్మా. ఆసుపత్రి వరండాలో దేవుడితో నేనన్నదీ ఆ మాటే." మరి కొన్ని వచనాల తరువాత చెల్లెలు మరియ కూడా వచ్చి అదే మాట అంటుంది. అది వినగానే పెద్దమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

తరువాత, "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న 35వ వచనం దగ్గర ఆమె అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాతోనే ఉంది: "లేపుతానని తెలిసినవాడు ఏడవడమెందుకమ్మా?" ఏడుస్తున్నవారిని చూసి ఏడ్చాడని, చావు ఆయనకు తేలిక విషయం కాదని నాకు తోచింది చెప్పాను. ఆమె కాదనలేదు, సరేననీ అనలేదు. ఆ వచనాన్ని మరోసారి చదవమన్నారు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సువార్తికుడు ఫిలిప్పు చేసిన పని ఇదేనని ఇప్పుడు చదివినప్పుడల్లా అనిపిస్తుంది. గాజాకు పోయే దారిలో ఐతియొపీయుల రాణి కందాకే ధనాగారాధికారి తన రథంలో యెషయా గ్రంథాన్ని చదువుకుంటున్నాడు. ఫిలిప్పు పరుగెత్తి వెళ్లి మొదట అడిగింది ఒక ప్రశ్న: "నీవు చదువునది గ్రహించుచున్నావా?" త్రోవ చూపేవారు లేకుండా ఎలా గ్రహించగలనన్న ఆ అధికారి పిలిస్తేనే అతను రథమెక్కి పక్కన కూర్చున్నాడు. ప్రవక్త ఎవరిని గురించి చెబుతున్నాడని అధికారి అడిగాక, ఆయన చదువుతున్న ఆ లేఖనం దగ్గరే మొదలుపెట్టి ఫిలిప్పు యేసును గూర్చి చెప్పాడు. అపొస్తలుడు పౌలు కూడా థెస్సలొనీకలోని యూదుల సమాజమందిరంలో లేఖనాలు విప్పి చెప్పాడుగాని, ఏథెన్సులో వాటిని ఎరుగని శ్రోతలతో వాళ్ల కవుల మాటలనే ఎత్తి మాట్లాడాడు. ఎదుటివారు ఎక్కడున్నారో చూసుకోకుండా వచనాల సంఖ్యలు ఒప్పజెప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది. దానిని ధైర్యమనుకుంటాం. అది తొందరపాటు అని నా అభిప్రాయం.

తెలుగులో బైబిలు రావడానికి పట్టిన కాలం తలచుకుంటే నా తొందరపాటుకు సిగ్గేస్తుంది. బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దంలోనే మద్రాసులో తెలుగు అనువాదానికి పూనుకున్నా, అది అప్పట్లో అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారైన జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ భాష నేర్చుకుంటూ, ఆనందరాయరు అనే తెలుగు క్రైస్తవుని సాయంతో అనువాదం చేశారు. క్రాన్ 1809లో, డె గ్రాంజెస్ 1810లో మరణించారు. వారి కృషి ఫలితమైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. తమ ప్రసంగమే చాలుననుకుంటే అంత శ్రమ అక్కరలేదు. విన్నవారు తమంతట తాము చదివి, పరిశీలించి, ప్రశ్నించుకోవాలన్న కోరిక ఉన్నవారే అలా సంవత్సరాల తరబడి మాటలు వెదుకుతారు.

చదువు రానివారి మాటేమిటంటే, నాకు మా నాయనమ్మ గుర్తుకొస్తుంది. ఆమెకు అక్షరం రాదు. 23వ కీర్తన మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పేది. ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీ ఒకావిడ వడ్లు దంచే చోట కూర్చుని రోజుకొక వరుస చదివి వినిపించి నేర్పిందట. వినుట వలన విశ్వాసము కలుగునని రోమా పత్రిక చెప్పిన మాట మా ఇంట్లో రోకలి చప్పుళ్ల మధ్య నెరవేరింది.

పెద్దమ్మగారు ఇప్పటికీ తమ ఇంటి దేవుడి గదిలో దీపం పెట్టుకుంటారు, దాని గురించి నేను ఏమీ అనను. ఆదివారం సాయంత్రాలు మాత్రం పెద్దక్షరాల బైబిలు తీసుకుని రమ్మంటారు. లూకా సువార్త మొదలుపెట్టి ఏడో అధ్యాయానికి వచ్చాం. పోయిన వారం నాయీను అనే ఊరి విధవరాలి కొడుకు పాడె దగ్గర ఆపించి, "ఆ తల్లి పేరు రాయలేదేమమ్మా?" అని అడిగారు.