కొంగ కాదు, బెగ్గురు

మార్చి చివర్లో ఒక శనివారం అమెరికాలోని ఒమాహా నుంచి మూడు గంటలు కారులో వెళ్లి, కెర్నీ దగ్గర ప్లాట్ నది చేరాం. అక్కడి పాత రైలు వంతెనను ఇప్పుడు నడిచేవాళ్లకు వదిలేశారు. పొద్దు వాలకముందే దాని మీద చోటు చూసుకుని నిలబడ్డాం. చలికి వేళ్లు కొయ్యబారి, పులిహోర డబ్బా మూత కూడా రాలేదు.

మేం చూడవచ్చిన శాండ్‌హిల్ క్రేన్లనే పొడుగుకాళ్ల వలస పక్షులు పగలంతా పొలాల్లో రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకుంటాయి. చీకటి పడే వేళకు నదిలోని ఇసుక మేటల మీద, పాదాలు తడిసేపాటి నీళ్లలో నిద్రకు దిగుతాయి. నీళ్లు తొక్కుకుంటూ నక్క జాతి జంతువేదైనా వస్తే చప్పుడుకే మెలకువ వస్తుంది. ఉత్తరాదికి, కొన్నయితే సైబీరియా దాకా వెళ్తూ, దారిలో ఇక్కడ కొన్ని వారాలు ఆగి ఒళ్లు చేస్తాయి. ఏటా అయిదు లక్షలకు పైనే.

"అమ్మా, వీటిని తెలుగులో ఏమంటారు?" అంది మా తొమ్మిదేళ్ల అమ్మాయి.

"కొంగలు."

"తాతయ్య ఊళ్లో ట్రాక్టరు వెనక నడిచేవి కదా కొంగలు? అవి మెడ మడుచుకుని ఎగిరాయి. ఇవి చాచుకుని ఎగురుతున్నాయి."

నిజమే. ఆదివారాలు కూర్చోబెట్టి దానికి గుణింతాలు దిద్దిస్తాను కానీ, కాకి, పిచ్చుక, చిలుక, కొంగ దాటితే నా తెలుగు ఆకాశం ఖాళీ.

ఇంతలో ఆకాశమంతా గరగరమని మోగింది. బారులు బారులుగా దిగుతున్నాయి. ఆ హోరులో ఎక్కడో సన్నని ఈల. అది నిరుడు పుట్టిన పిల్లది; ఇంకా గొంతు మారలేదు. మొదటి ప్రయాణంలో దారి తెలిసేది తల్లిదండ్రుల వెంట ఎగిరితేనే. ఈ సంగతి చెప్పాక మా అమ్మాయి మిగతా లక్షలను వదిలేసి ఆ ఈల కోసమే వెతికింది.

కారెక్కగానే తెనాలికి ఫోను చేశాం. అక్కడ తెల్లవారింది.

"కొంగ కాదమ్మా, బెగ్గురు. సారసం అని కూడా అంటారు," అన్నారు నాన్న. "మీ అమ్మకు చిన్నప్పుడు చెప్పాను, మరిచిపోయింది."

మనవరాలి నోట రకారం తిన్నగా పలికేదాకా మూడుసార్లు అనిపించారు. నాలుగోసారి అది మాట మానేసి, పెదవులు బిగించి సన్నగా ఈల వేసింది.

"ఇదేనా బెగ్గురు అరుపు?"

"కాదు తాతయ్యా, బెగ్గురు పిల్లది."