ఇంగువ డబ్బా మీద ఏం రాసి ఉంది?

"అమ్మమ్మా, జంతికల్లో వేసిన ఇంగువ ఏ డబ్బాలోది?" అని మా తొమ్మిదేళ్ళ అబ్బాయి వీడియో కాల్‌లో అడిగినప్పుడు, మా అమ్మ కంటే ముందు నాకే కోపం వచ్చింది. ఊరి నుంచి వచ్చేవాళ్ళను బతిమాలి, వాళ్ళ పెట్టెలో చోటు సంపాదించి ఆవిడ పంపిన జంతికలవి. "అంతా బియ్యప్పిండేరా నాన్నా" అని ఆవిడ ఎంత చెప్పినా వాడు డబ్బా మూత తీయలేదు.

వాడికి సీలియాక్ జబ్బు ఉందని తేలి రెండేళ్ళయింది. దానికి మందు లేదు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తి వాడి పేగుల్ని దెబ్బతీస్తుంది. జీవితాంతం వాటిని మానేయడమే చికిత్స. ప్యాకెట్ తిండి విషమని ఒకప్పుడు ఉపన్యాసాలు దంచిన నేనే, ఇప్పుడు అచ్చులో ఉన్నదాన్ని తప్ప దేన్నీ నమ్మవద్దని వాడికి నూరిపోశాను. ఇక్కడ అమెరికాలో 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే పది లక్షల పాళ్ళలో గ్లూటెన్ 20 పాళ్ళ లోపే ఉండాలి. ఆ మాట లేని ప్యాకెట్‌తోనే తంటా. అలెర్జీ చట్టం ప్రకారం గోధుమ పేరు తప్పక చెప్పాలి కాని, బార్లీ ఆ జాబితాలో లేదు. గోధుమ లేదని మురిసిపోయి నేను తెచ్చిన కార్న్‌ఫ్లేక్స్‌లో మాల్ట్ ఉందని, అది బార్లీదని వాడే చూపించాడు. గోధుమలు వాడే కర్మాగారంలోనే తయారైందన్న హెచ్చరిక కూడా కంపెనీల ఇష్టమే కనుక, అది కనబడనంత మాత్రాన ధైర్యపడడానికి లేదు. మన దుకాణాల్లో దొరికే చేగోడీలు, మిక్చర్ల సంగతి మరీ చిత్రం: బియ్యప్పిండి, శనగపిండి అని చదివి బుట్టలో వేసుకుంటాం, చివరి వరుసలో ఇంగువ కూర్చుని ఉంటుంది. మనం వాడే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు.

ఇన్ని తెలిసిన నేనే, మొన్న స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినప్పుడు, గోధుమరవ్వ ప్రసాదం వాడి చేతిలో పెట్టి, "కళ్ళకద్దుకుని వేలికొసంత నాలుక మీద వేసుకో, ఏమీ కాదు" అని గుసగుసలాడాను. వాడు కళ్ళకద్దుకుని నాకే తిరిగి ఇచ్చాడు. నలుగురిలో నా తల కొట్టేసినట్టయిందే తప్ప, నేను చెప్పింది తప్పని ఆ క్షణాన తోచనే లేదు. పెద్దలు పెట్టింది కాదనకూడదని నేర్పిందీ నేనే, చదవకుండా నోట పెట్టుకోవద్దని నేర్పిందీ నేనే. పాపం, వాడు రెండో పాఠమే శ్రద్ధగా విన్నాడు.

మర్నాడు అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఇంగువ డబ్బా వెనక అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది. గోధుమపిండి అన్న మాట దగ్గర ఆగిపోయి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఇంగువ మానేస్తాను సరే, కాని మా వీధి మరలో గోధుమలు ఆడిన వెంటనే నా బియ్యం పోస్తారు కదే, దాని మాటేమిటి?" అని అడిగింది. రెండేళ్ళుగా లేబుళ్ళు చదువుతున్న నాకు ఆ సంగతి ఒక్కసారైనా తట్టలేదు.