నాయన 407 నుంచి కొత్త పికప్ దాకా

మాది సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే వ్యాపారం. బోడుప్పల్‌లో యార్డు ఉంది. ఇనుప షీట్లు, జాకీలు, చానళ్లు, నీలగిరి కర్రలు సైటుకు చేర్చడం, స్లాబు ఆరాక విప్పి తెచ్చుకోవడం, ఇదే పని. బండి ఆగిందంటే బేరం పోయినట్టే. ఇన్నేళ్లూ ఈ బరువంతా మోసింది నాయన కొన్న టాటా 407, 1998 మోడల్. ఏపీ 28 నంబరు ప్లేటు మీద రాష్ట్రం విడిపోవడం చూసింది, టీఎస్ రావడం చూసింది, 2024 మార్చిలో టీజీ రావడమూ చూసింది. లారీలకు జీఎస్టీ తగ్గాక దాన్ని వదిలి కొత్త పికప్ తీసుకున్నాం. కొనే తిప్పలన్నీ రాస్తాను గానీ, ముందు పాత బండ్ల గురించి రెండు మాటలు చెప్పకపోతే నాకు తోచదు.

నాయన మొదట్లో డ్రైవరు. టాటా 1210 నడిపేవాడు. 12 టన్నులు, 100 హార్స్ పవర్, ఆ అంకెల్లోనే బండి జాతకమంతా ఉండేది. ముసలి డ్రైవర్లు దాన్ని బెంజి లారీ అనే పిలిచేవాళ్లు. టాటా వాళ్లు 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టారు. 1969లో ఒప్పందం ముగిసి బండి ముందున్న బెంజ్ నక్షత్రం గుర్తు పోయినా, పేరు మాత్రం డ్రైవర్ల నోట చాలాకాలం ఉండిపోయింది. పవర్ స్టీరింగ్ లేదు. లోడు మీద బండి తిప్పాలంటే సీట్లోంచి సగం లేచి స్టీరింగ్ మీద పడాల్సిందే. నాయన కుడి భుజం ఎడమ దానికంటే లావుగా ఉండేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

సొంతంగా కొన్న మొదటి బండి సెకండ్‌హ్యాండ్ ఆల్విన్ నిస్సాన్. ఈ కాలం పిల్లలకు ఆ పేరే తెలియదు. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి చిన్న లారీలు చేయడానికి నాలుగు కంపెనీలు దిగాయి: డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, మన ఆల్విన్ నిస్సాన్. చివరిది జహీరాబాద్‌లో తయారయ్యేది. ఫ్రిజ్‌లు, వాచీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ వాళ్లదే. తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది, ఇప్పటికీ అక్కడ వాళ్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. బండి మెత్తగా, చప్పుడు లేకుండా పోయేదట. కానీ మా లోడుకు మెత్తదనం పనికిరాదు.

జపాన్ బండ్లకు పోటీగా టాటా వాళ్లు 1986లో దించిందే 407. మా దానికి ఆటోనగర్‌లో వెనక కమాన్లకు, అంటే బరువు మోసే స్ప్రింగులకు, ఒక పట్టీ అదనంగా వేయించాం. ఖాళీగా పోతే నడుములు విరిగేవి, లోడు పడితే కుదురుగా కూర్చునేది. గేర్ రాడ్ దగ్గర రబ్బరు చిరిగిపోయి, వేడీ డీజిల్ వాసనా నేరుగా కాళ్ల మీదికి వచ్చేవి. ఎడమ తలుపు అద్దం కిందికి జారకుండా ఒక స్క్రూడ్రైవర్ గుచ్చి ఉండేది. బ్యాటరీ డౌనైతే నలుగురు తోస్తే చాలు, రెండో గేర్‌లో అందుకునేది. పొద్దున బయల్దేరే ముందు నాయన ఇనుప రాడ్డుతో టైర్లను ఒక్కొక్కటే కొట్టి, చప్పుడు విని ఏ టైర్లో గాలి తగ్గిందో చెప్పేవాడు. నాకు ఆ విద్య రాలేదు.

అలాంటి బండిని ఎందుకు వదిలారంటే, అది పాడైపోయి కాదు. 15 ఏళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండ్ల ఫిట్‌నెస్ ఫీజులు కేంద్రం బాగా పెంచేసింది. ఏటా ఫిట్‌నెస్, దానికి ముందు పెయింటు, బ్రేకులు, లైట్లు, ఇంజిన్ పొగ. ఆటోనగర్‌లో మా బండి చూసే మేస్త్రీని చాచా అంటాం. ఆయనే తేల్చేశాడు: "ఇంకెన్నిసార్లు ఇంజిన్ బోరు చేపిస్తవ్ బేటా? పైసలు బండికి పెడ్తున్నవా, నాకు పెడ్తున్నవా?" తన గిరాకీ పోతుందని తెలిసీ అలా చెప్పే మేస్త్రీలు ఎంతమంది ఉంటారు?

ఇక కొత్త బండి. షోరూంలో కుర్రాడు టచ్ స్క్రీన్, మొబైల్ యాప్, బండి ఎక్కడుందో ఫోన్‌లో చూసుకోవడం అంటూ మొదలుపెట్టాడు. నేను టేపు తీసి తొట్టి కొలిచాను. కమాన్లు ఎన్ని పట్టీలో వంగి చూశాను. డాలా, అంటే తొట్టి వెనక తలుపు, ఎంత ఎత్తులో ఉందో చూశాను. ఎందుకంటే షీటు ఎత్తి పైకి వేసేవాడు మనిషే, జానెడు ఎత్తు పెరిగినా సాయంత్రానికి కూలీ నడుము పడిపోతుంది. ఒక్కో షీటు సుమారు 15 కిలోలు, వంద షీట్లంటే టన్నున్నర. పైన జాకీలు వేస్తే రెండు టన్నులు. కాబట్టి ఆర్‌సీలో రెండు టన్నుల పాసింగ్, అంటే అంత లోడుకు అనుమతి, ఉండి తీరాలి. 407 మీద నాయన పాసింగ్ సంగతి పట్టించుకునేవాడు కాదు, తొట్టిలో పట్టినంతా లోడే. ఇప్పుడది కుదరదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకు 20 వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు రాసి ఉంది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేదీ ఆ బరువే.

మూడు దారులు కనిపించాయి. బండి, లోడు కలిపి 3,000 కిలోలు దాటని చిన్న పికప్‌లకు చట్టప్రకారం గూడ్స్ పర్మిట్టే అక్కర్లేదు. టాటా ఇంట్రా వీ50 లాంటివి 3 టన్నుల లోపే ఉంటాయి, కానీ లోడు టన్నున్నరే. మనసంతా 407 గోల్డ్ మీద ఉంది, ఇంజిన్ నేటికీ దాదాపు 3 లీటర్లదే. అయితే ధర ఎక్కువ, మా సైట్లున్న గల్లీల్లో తిప్పడం కష్టం. చివరికి బొలెరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీలో 2 టన్నుల రకం తీసుకున్నాం. తొట్టి పొడవు 3,050 మిల్లీమీటర్లు, అంటే 10 అడుగులు. పర్మిట్ తీసుకోవాలి, అది పెద్ద పనేం కాదు.

జీఎస్టీ గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద 28 శాతం 18కి తగ్గింది. పాత లెక్కన పది లక్షలు పడే బండి దాదాపు 9 లక్షల 22 వేలకు వచ్చినట్టు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు కారు మీద కట్టిన పన్ను సాధారణంగా తిరిగి రాదు గానీ, గూడ్స్ బండి మీదిది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. బిల్లు మాత్రం సంస్థ పేరు మీద, జీఎస్టీ నంబరుతో ఉండాలి. ఆ పన్ను మొత్తం మీద మళ్లీ తరుగుదల చూపించకూడదు. బిల్లు కొట్టకముందే ఆడిటర్‌ను అడగండి, కొట్టాక మార్పించడం నరకం.

అన్నిటికంటే ఒళ్లు మండింది ఫైనాన్స్ దగ్గర. "ఏడు శాతమే అన్నా, బ్యాంకులు కూడా ఇయ్యవు" అన్నాడు ఏజెంటు. అది ఫ్లాట్ రేటు. 8 లక్షలు, 4 ఏళ్లు, 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2 లక్షల 24 వేలు, నెలకు 21,333. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 8 లక్షల మీదే వేస్తారన్నమాట. బ్యాంకు చెప్పే తగ్గే పద్ధతిలో చూస్తే అది 12.7 శాతం దాకా తేలుతుంది. ఫోన్‌లో ఈఎంఐ కాలిక్యులేటర్ తీసి ఆయన ముందే వేసి చూపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత మేనేజర్‌కు ఫోన్ చేసి కొంత తగ్గించాడు. రేటు ఎంతని కాదు, నెలకు ఎంత, మొత్తం ఎంత, ముందే కట్టేస్తే ఎంత కోస్తారు, ఈ మూడే అడగాలి.

ఇన్సూరెన్స్‌లో 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి థర్డ్ పార్టీయే 16 వేల పైచిలుకు. దాని మీద ఓన్ డ్యామేజ్, అంటే మన బండి దెబ్బతింటే వచ్చే కవర్. ఇక్కడ చాలామందికి తెలియనిది ఐఎంటీ 23 అనే అదనపు కవర్. కమర్షియల్ బండి పాలసీలో అది కలుపుకోకపోతే బంపర్, హెడ్‌లైట్లు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింటు లాంటి వాటికి మామూలుగా క్లెయిం రాదు. సిటీలో రోజూ తగిలేవి అవే కదా! కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టి కలిపించాను. డ్రైవర్‌కు, క్లీనర్‌కు వేరే కవర్ కూడా రాయించాను. లోడు మీద కూలీలను కూర్చోబెట్టడం మాత్రం మానేశాం. నాయన కాలంలో వాళ్లంతా పైన కూర్చుని పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్లు. చూడ్డానికి బాగుండేది, తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

రిజిస్ట్రేషన్ దగ్గర టెన్షన్ పెట్టింది ఒక్క అంకె. షోరూం వాళ్లు చేసిచ్చిన పాలసీలో ఇంజిన్ నంబరు తప్పు పడింది. ఆర్టీఏ కౌంటర్లో ఫైలు వెనక్కి ఇచ్చేశారు. తప్పు మాది కాదని షోరూం, సరిచేసి పంపాలంటే షోరూమే మెయిల్ పెట్టాలని ఇన్సూరెన్స్. బండి యార్డులో నిలబడి ఉంటే సామాను అద్దె బండిలో పంపాల్సి వచ్చింది. మీరు డెలివరీ తీసుకునేటప్పుడే ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిన్ నంబరు ఫొటో తీసుకుని, బిల్లునూ పాలసీనీ అంకె అంకె సరిచూసుకోండి. ఫిట్‌నెస్ గొడవ మాత్రం లేదు, పూర్తిగా తయారై వచ్చిన కొత్త బండికి మొదటి రెండేళ్లు ఉన్నట్టే లెక్క.

డ్రైవర్ లైసెన్స్ గురించి కూడా చాలామంది అడిగారు. 7,500 కిలోల లోపు బండిని ఎల్ఎంవీ (తేలికపాటి బండ్ల) లైసెన్స్‌తో నడపొచ్చని, దానికి ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ వేరుగా అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది.

పాత 407ను సెకండ్స్ వాళ్లు మంచి రేటే అడిగారు, "కాగితాలు తర్వాత చూద్దాం" అంటూ. ఆర్‌సీ మన పేరు మీదే ఉండి బండి ఎక్కడో తిరిగితే పన్నూ కేసూ మన మెడకే. అందుకే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి, సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకుని, ఆర్‌సీ రద్దు చేయించాం. ఆ సర్టిఫికెట్‌తో కొత్త బండి పన్నులో రాయితీ వస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ బండ్లకు 15 శాతం దాకా ఇవ్వొచ్చని కేంద్ర నిబంధన. ఇచ్చేముందు నాయన అదనపు కమాన్ పట్టీలు విప్పించుకున్నాడు, ఎందుకని నేనడగలేదు.

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించి, నారపల్లి సైటుకు మొదటి లోడు పంపాం. పవర్ స్టీరింగ్ ఒంటి చేత్తో తిరుగుతుంటే నాయనకు నమ్మకం కుదరలేదు, "ఇది బండా, బొమ్మా" అన్నాడు. మా డ్రైవర్ గొడవ వేరే. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే, బండి, లోడు కలిపి మూడున్నర టన్నులు దాటిన లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. మేం తీసుకున్న దాంట్లో లేదు. "అన్నా, 407 గోల్డే తీసుకుంటే ఏసీ వచ్చేది గద" అని ఏ సైటుకు పోయొచ్చినా అంటున్నాడు. ప్రస్తుతానికి రాణిగంజ్ నుంచి చిన్న ఫ్యాన్ తెచ్చి బిగించాం.