చిట్టి దగ్గు, చెంచాడు నెయ్యి

మా చిట్టి పొమేరియన్ కుక్క. ఏడేళ్ళది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. నిరుడు సంక్రాంతి దాటాక దానికి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, బాతు అరిచినట్టు ఉండేది. గుమ్మంలో ఎవరైనా కనిపిస్తే చాలు, సంతోషం పట్టలేక ఎగరడం, వెంటనే మెడ చాచి ఊపిరి కోసం తంటాలు పడటం.

నెల్లూరు ఇల్లు కదా, అందరి అనుమానమూ చేపముల్లు మీదే. అరటిపండు మింగించమన్నారు మా అత్తయ్య. ఇంటి దగ్గర డాక్టరు నోరు తెరిపించి చూసి, ముల్లేమీ లేదు, జలుబేనని యాంటీబయాటిక్ రాశారు. కోర్సు అయిపోయింది, దగ్గు పోలేదు. ఒక సాయంత్రం దగ్గీ దగ్గీ నాలుక నీలంగా మారేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో గాలిగొట్టం మెడ దగ్గర నొక్కుకుపోయి కనిపించింది. గొట్టాన్ని తెరిచి ఉంచే మృదులాస్థి రింగులు పొమేరియన్, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి చిన్న జాతుల్లో మెత్తబడిపోతాయట. జబ్బు తెచ్చింది బరువు కాదు గానీ, ఒంట్లో కొవ్వు పెరిగేకొద్దీ దగ్గు ముదురుతుంది. చిట్టి 5.8 కిలోలు తూగింది. దాని ఒడ్డూ పొడుగూ చూస్తే నాలుగు చాలన్నారు.

డాక్టరమ్మ నా చెయ్యి చాపించి, వేళ్ళ ఎముకలు పైనుంచి తడుముకోమన్నారు. పక్కటెముకలు చేతికి అలా తగలాలట. చిట్టికి ఎంత వెతికినా అరచేతి కండలా మెత్తగానే తగిలింది. ఆ బొచ్చు కింద ఏముందో స్నానం చేయించినప్పుడు తప్ప కనిపించదు.

తర్వాత చెప్పిన లెక్క నాకింకా గుర్తే. నాలుగు కిలోలకు దిగాలంటే రోజుకు 200 కేలరీల తిండి. చిన్న చెంచాడు నెయ్యిలోనే 40 పైన. అంటే పొద్దున నెయ్యి కారం దోసె ముక్క రెండు పడేస్తే దాని రోజు తిండిలో ఐదో వంతు అక్కడే చెల్లు! పెద్ద కుక్కకి ఇది ఆనదు.

మెడబెల్టు తీసేసి ఛాతీకి హార్నెస్ వేశాం. దగ్గుకి సిరప్, కొన్నాళ్ళు స్టెరాయిడ్ ఇచ్చారు. స్టెరాయిడ్‌తో ఆకలి పెరుగుతుంది కదా, అది వాడినన్నాళ్ళూ కంచాల దగ్గరే కాపు కాసింది. "మూగజీవి నోరు కట్టేస్తే పాపం తగలదా" అని అత్తయ్య. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. అందుకే రోజు తిండి పొద్దున్నే గ్రాముల్లో తూచి డబ్బాలో పోసి ఆవిడ చేతికే ఇచ్చేదాన్ని. ముద్దు చేసినా, బుజ్జగించినా అందులోంచే పెట్టాలి.

తగ్గడం కూడా నిదానంగానే తగ్గాలి, వారానికి వంద గ్రాములు మించకుండా. మనుషుల మిషన్ మీద అంత చిన్న తేడా సరిగ్గా తెలియదు. వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద బుట్ట పెట్టి, అందులో చిట్టిని కూర్చోబెట్టేదాన్ని. "ఏందిమా, కిలో ఎంతకిస్తావు?" అని కొట్టు అన్న నవ్వేవాడు. ఒకసారి కాటా దిగకపోగా కాస్త పైకెక్కింది. ఆరా తీస్తే, పైపోర్షన్ పిల్లలు మెట్ల మీద క్రీమ్ బిస్కెట్లు పెడుతున్నారు.

రోహిణీ కార్తెలో చాలా టెన్షన్ పడ్డాను. వేడికి రొప్పితే దగ్గు తిరగబెడుతుంది. తెల్లారకముందే కాసేపు నడక, పగలంతా చల్లటి గదిలో. బొచ్చు గీయించెయ్యమని సలహాలు చాలా వచ్చాయి, నేను వినలేదు. ఆ బొచ్చు ఎండ ఒంటికి తగలకుండా కూడా కాస్తుంది.

వినాయక చవితి నాటికి 4.4కి వచ్చింది. గొట్టం మళ్ళీ మొదటిలా కాదు, చుట్టాలొస్తే ఒకటి రెండు సార్లు ఇప్పటికీ దగ్గుతుంది. కానీ మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతోంది, రాత్రిళ్ళు నిద్రపోతోంది. మొన్న మా ఆడపడుచు మలై కాజా తుంచి దాని ముందు పెట్టబోతే అత్తయ్యే చెయ్యి పట్టుకున్నారు: "దానికేం పెట్టబాక, రేపు కాటాలో తేలిపోతది."